ఎడంచేతి కోత

ఆ ఉదయం ఊఁ మామ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త గ్లౌజు తీసుకోవడం, కొట్టులో ఒక టీ తాగడం, చేలోకి వెళ్ళి గోరింట కోత మొదలుపెట్టడం. ఊరు ఊరంతా తలకిందులయ్యేంత సరుకు ఇందులో ఉందని ఎవరైనా అనుకుంటారా? మామ కూడా అనుకోలేదు పాపం.

ఆయనకి అసలు పేరు లేకపోలేదు. కానీ ఎవరేమన్నా "ఊఁ" అనేవాడు కాబట్టి ఊరికి ఊఁ మామ అయిపోయాడు. వాన వస్తుందా అంటే ఊఁ. రాదేమో అంటే ఊఁ. ఈ అలవాటు ఆయనకి పుట్టుకతో రాలేదు, పెళ్ళితో వచ్చింది. అత్త వట్టి వసపిట్ట. పొద్దున్నే కళ్ళు తెరిచింది మొదలు రాత్రి కళ్ళు మూసేదాకా ఇద్దరి వంతూ తనే మాట్లాడేది. పక్కన మనిషి బతికే ఉన్నాడని తెలియడానికి మామ మధ్యమధ్య ఒక ఊఁ పడేసేవాడు. సంసారం హాయిగా సాగిపోయింది. తర్వాత ఒక ఎండాకాలం అత్త పోయింది. మాటలన్నీ ఆమె వెంట పోయాయి, ఊఁ ఒక్కటీ మామ దగ్గర ఉండిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో వినిపించే చప్పుడల్లా ఆయన చెప్పులదే.

ఆ ఊరి నేల సంగతి కూడా కాస్త చెప్పాలి. ఏం వేసినా ఎండిపోయే నేల. గోరింట ఒక్కటే అక్కడ మొండిగా బతుకుతుంది. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కోసినకొద్దీ చిగురు వేస్తూనే ఉంటుంది. దానికున్న భయమల్లా ఒక్కటే, కోసిన ఆకు మీద వాన పడకూడదు. పడిందా, ఆకు నల్లబడి రంగు చచ్చిపోతుంది. ఏడాదంతా వాన కోసం ఆకాశం వైపు చూసి, కోతల నాలుగు రోజులూ మాత్రం ఇటు రాకు తల్లీ అని దండం పెట్టుకునే రైతులు వాళ్ళు.

ఇక గ్లౌజు. ముదురు గోరింట కొమ్మలు ముళ్ళలా గుచ్చుకుంటాయి. అందుకని ఎడమ చేతికి తోలు గ్లౌజు వేసుకుని కొమ్మలు పట్టుకుంటారు, కుడి చేత్తో కొడవలి లాగుతారు. కుడి చేతికి గ్లౌజు అక్కర్లేదు. కానీ మామ ఇంట్లో జతలో రెండు గ్లౌజులూ అరిగేవి, ఎందుకంటే అత్తది ఎడంచేతి వాటం. ఆయన కుడి సాల్లో, ఆమె ఎడమ సాల్లో. కొడవళ్ళు రెండూ బయటి వైపు, గ్లౌజు చేతులు రెండూ లోపలి వైపు. భుజం భుజం తగిలేంత దగ్గరగా కోసుకుంటూ పోయినా ఒకరి కొడవలి ఒకరికి తగిలేది కాదు. కోసిన కొమ్మలు ఇద్దరి మధ్యా ఒకే కుప్పగా పడేవి. అత్త నోరు మామ చెవి పక్కనే ఉండేది.

ఆమె పోయాక కూడా ప్రతి కోతకీ మామ గ్లౌజులు కొన్నాడు. ఎడమది వేసుకుని, కుడిది పెట్టెలో పడేసేవాడు. పెట్టె అడుగున అత్త చివరిసారి వేసుకున్నది ఉంది. బొటనవేలు దగ్గర చిరిగి, వేళ్ళు ఇంకా ఆమె చేతి వంపులోనే ఉన్నాయి. మిగతావన్నీ దాని మీద, కొత్తవి కొత్తవిగానే, పేరుకుపోయాయి.

ఆ ఉదయం ఈ కోతకి కొన్న కుడిది కూడా పడేసేసరికి పెట్టె మూత పడలేదు. మామ నొక్కాడు. పడలేదు. ఎక్కి కూర్చున్నాడు. ఆయన బరువుకి మూత కిర్రుమంది గానీ గొళ్ళెం అందలేదు. అలా పెట్టె మీద కూర్చుని, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. ఈసారి ఒక్కడే కొయ్యడం తన వల్ల కాదనిపించింది. ఒంట్లో ఓపిక లేక కాదు. ఆ ఎడమ సాలు అలా ఖాళీగా పక్కనే నడుస్తూ ఉంటే చూడలేక. అయితే అలాంటి మాట బయటికి ఎలా చెబుతాడు? "ఇంత తోలు దండగైపోతోంది, ఎడంచేతివాళ్ళెవరైనా దొరికితే బాగుణ్ణు" అని తనకి తనే సర్ది చెప్పుకుని లేచాడు.

టీకొట్టు దగ్గర మామ ఆ ఏడాది మొత్తానికి అతి పొడవైన వాక్యం మాట్లాడాడు. "ఎడంచేత్తో కోసేవాళ్ళెవరైనా ఉంటే, నా దగ్గరికి పంపించు."

కొట్టువాడు పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా నోరు తెరిచాడు. "ఎడంచేత్తోనా? అదేంటి మామా? ఎడంచేత్తో కోస్తే ఆకుకేమన్నా మంచిదా?"

మామ అప్పటికే ఆలోచనలో పడ్డాడు. ఎవరైనా వస్తే ఏం మాట్లాడాలి, ముందు తను మొదలెట్టాలా, వాళ్ళే మొదలెడతారా అని. "ఊఁ," అన్నాడు.

"రంగు బాగా వస్తుందా?"

"ఊఁ."

"ఓరి నీ! అత్త ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో మీ ఆకే ముందు అమ్ముడుపోయేది. ఆవిడ ఎడంచేత్తోనే కోసేది! అందుకేనా?"

"ఊఁ," అని మామ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. వెనక పాలు మొత్తం పొయ్యి పాలయ్యాయి.

నిజానికి వాళ్ళ ఆకు బాగుండటానికి కారణం మబ్బు పట్టకముందే ఇద్దరూ కోత ముగించెయ్యడం. కానీ ఇంత మామూలు కారణం ఎవరిక్కావాలి? కొట్టువాడు మంగలికి చెప్పాడు. మంగలి గడ్డం చేస్తూ దళారికి చెప్పాడు. దళారి అంటే గోరింటాకు కొనే పెద్దమనిషి, తనకి తెలియని విషయం లోకంలో ఉందని ఒప్పుకోని మనిషి. సగం గడ్డంతోనే లేచి నిలబడి, "నాకిది ఎప్పట్నుంచో తెలుసు," అన్నాడు. "మా కంపెనీవాళ్ళు కూడా అదే అడుగుతున్నారు. ఈసారి ఎడంచేతి ఆకుకే మొదటి తూకం. మిగతాది తర్వాత చూద్దాం."

అంతే. ఎండ ముదిరేసరికి ఊరంతా కొడవలి చేయి మార్చింది. అప్పుడు వచ్చిపడింది అసలు చిక్కు, కొమ్మలు పట్టుకోవాల్సిన కుడి చేతికి గ్లౌజు లేదు. కొందరు తెలివిమంతులు ఎడమ గ్లౌజునే తిరగేసి కుడి చేతికి తొడిగారు. తోలు వెనక్కి పోయింది, పల్చటి గుడ్డ అరచేతిలోకి వచ్చింది, ముల్లు దిగబడింది. పరుగెత్తి గ్లౌజులు కుట్టే తాత కొట్టు మీద పడ్డారు.

తాత కళ్ళజోడు పైకి తోసి అందర్నీ చూశాడు. "నా దగ్గర కుడివి లేవర్రా. ఊళ్ళో కుడి గ్లౌజులున్నది ఒక్క ఊఁ మామ ఇంట్లోనే."

ఇక్కడ మామ ఏం చేస్తున్నాడో చూద్దాం. ఎడంచేతివాళ్ళు ఎవరైనా వస్తారేమోనని చేలోకి వెళ్ళడం మానేసి ఇంట్లోనే కాచుకుని ఉన్నాడు. అరుగు ఊడ్చాడు. రెండో గ్లాసు బయటికి తీసి, బూజు పట్టిందని కడిగి, మళ్ళీ కడిగాడు. రెండో పీట కోసం వెతికి, దాని మీద చాలా కాలంగా తన చొక్కాలే కూర్చుంటున్నాయని గమనించి వాటిని లేపాడు.

తలుపు చప్పుడైంది. పక్కచేను పిన్ని. "అన్నయ్యా, నీ దగ్గర కుడి గ్లౌజు ఉందటగా? ఒకటియ్యి, కోతకి."

మామ పీట ముందుకి జరిపాడు. ఇన్నేళ్ళు పక్కచేలోనే ఉంది, ఈవిడది ఎడంచేతి వాటమా! ఎన్నడూ చూడనే లేదే! "ఊఁ," అని పెట్టె చూపించాడు.

పిన్ని వెనకాలే మంగలి. మంగలి వెనకాల వాళ్ళ ఆవిడ. ఆ వెనకాల ఇద్దరు అన్నదమ్ములు. "మామా, నాకో కుడిది." "మామా, నాకూ." మామ అందరికీ ఊఁ అంటూ నిలబడిపోయాడు. ఇంతమంది ఎడంచేతివాళ్ళా! ఒక్కరు వస్తే చాలనుకుంటే ఊరంతా వచ్చేసిందే! తన చేను కొయ్యడానికి ఇంతమంది! చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో గోల గోలగా ఉంది, ఎవరి చెప్పులు ఎవరివో తెలియకుండా గుమ్మం నిండిపోయింది. వాళ్ళకి టీ ఇవ్వాలి కదా అని పరుగున వంటింట్లోకి వెళ్ళి, ఎప్పుడూ వాడని పెద్ద గిన్నె దించి, ఇంట్లో ఉన్న పాలన్నీ పోసి, చక్కెర కూడా చెయ్యి జారేలా వేశాడు.

గిన్నె పట్టుకుని బయటికొచ్చేసరికి ఎవ్వరూ లేరు. గుమ్మంలో ఒక్క జత చెప్పులున్నాయి, అవి ఆయనవే.

మామ గిన్నె కింద పెట్టాడు. పెట్టె వైపు చూశాడు. మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. అడుగున చెక్క కనిపిస్తోంది. అత్త గ్లౌజు కూడా పోయింది.

ఆ క్షణంలో ఆయనకి కోతా గుర్తులేదు, వానా గుర్తులేదు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి చేల మీద పడ్డాడు.

చేలల్లో దృశ్యం చెప్పనలవి కాదు. కొడవలి పళ్ళు కుడిచేతి లాగుడికి తగ్గట్టు ఒక వైపుకే వాలి ఉంటాయి. ఎడంచేత్తో లాగితే కోయదు, గీరుతుంది. ఒకాయన కొమ్మని పట్టుకుని గుంజుతుంటే కొడవలి ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు పడ్డారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే నిలబడి ఒకరి మొక్కని ఒకరు కోస్తున్నారు. మంగలి కోసిన సాలు చూస్తే, ఆయన దగ్గర గడ్డం చేయించుకునేవాళ్ళంతా భయపడి వేరే ఊరు పోవాల్సిందే. అందరికంటే ఎత్తైన గట్టు మీద దళారి, సగం గడ్డంతో, "మణికట్టు తిప్పండి, మణికట్టు!" అని అరుస్తున్నాడు. జన్మలో కొడవలి ముట్టుకున్న మనిషి కాదు.

మామ మొదటి మనిషి దగ్గరికి పరుగెత్తి, "చెయ్యి చూపించు," అన్నాడు. అతను భక్తిగా చెయ్యి చాపాడు. గ్లౌజు కొత్తది. ఆమెది కాదు. మామ వదిలేసి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళాడు. "చెయ్యి."

"మామ స్వయంగా వచ్చి పట్టు చూస్తున్నాడర్రా!" అని ఎవరో అరిచారు. దాంతో ఎవరికి వారే పని ఆపి చేతులు చాపి నిలబడ్డారు. "మామా, నా పట్టు సరిగ్గా ఉందా?" "మామా, నాది బిగువెక్కువైందా?"

"ఊఁ, ఊఁ," అంటూ మామ పరుగెడుతున్నాడు. అన్నీ కొత్తవే. చిరిగిన బొటనవేలు ఎక్కడా లేదు.

అప్పుడే పడమట ఉరిమింది. మామ తలెత్తి చూశాడు. నల్లటి మబ్బు. కింద చూశాడు. ఈపాటికి సగం కోసి ఆకుని కళ్ళాల్లో కప్పేసుకోవాల్సిన ఊరు, మూలకొక బోడి మొక్కతో చేతులు చాపుకుని నిలబడి ఉంది. అరకొరగా కోసిన ఆకు ఎక్కడికక్కడే పడి ఉంది. ఇదంతా ఏంటో, ఎందుకో, పొద్దున టీకొట్టు దగ్గర తను ఎన్ని ఊఁలు అన్నాడో, ఒక్కొక్కటీ ఆయన నెత్తిన పడ్డాయి.

"ఆపండి!" అని అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. "కుడిచేత్తో కొయ్యండి! ఎడంచేత్తో కోస్తే ఏ రంగూ రాదు!"

ఊరంతా ఒక్క క్షణం ఆగింది. తర్వాత దళారి నవ్వాడు. "చూశారా? గుట్టు బయటపడేసరికి మాట మారుస్తున్నాడు! కొయ్యండి, కొయ్యండి!" అందరూ మళ్ళీ ఎడంచేత్తోనే రెట్టింపు జోరుగా గీరడం మొదలుపెట్టారు.

మామకి ఏడుపొచ్చినంత పనైంది. గట్టెక్కి దళారిని పక్కకి తోసి నిలబడ్డాడు.

"ఒరేయ్, వినండర్రా! పొద్దున వాడు ఏమడిగాడో నేను వినలేదు!"

"వినకుండానే ఊఁ అన్నావా మామా?" అన్నాడు టీకొట్టువాడు. కొట్టు మూసేసి వాడూ కొడవలి పట్టుకొచ్చాడు.

"నేను దేనికి ఊఁ అనలేదో ఒక్కటి చెప్పు!"

టీకొట్టువాడు బుర్ర గోక్కున్నాడు.

"అది ఎడమ సాల్లో ఉండేది, నేను కుడి సాల్లో," అన్నాడు మామ. "చెయ్యి పక్కన చెయ్యి. పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. ఇప్పుడు ఆ పక్కన ఎవరూ లేరు. ఒక్కడినే కొయ్యలేకపోతున్నా. ఎడంచేతివాళ్ళెవరైనా అయితే అంత దగ్గరగా ఉంటారు కదా అని అడిగా. అంతే. రంగు కోసం కాదు. రంగెవడిక్కావాలి! దాని గ్లౌజు ఎవరో పట్టుకుపోయారు. అది నాకిచ్చెయ్యండి. నేను ఇంటికి పోతా."

మళ్ళీ ఉరిమింది. టీకొట్టువాడు కొడవలి కుడిచేతిలోకి మార్చుకున్నాడు. వాణ్ణి చూసి మంగలి. తర్వాత అందరూ. కుడి గ్లౌజులు ఊడదీసి గట్టు మీద, మామ కాళ్ళ దగ్గర కుప్పపోశారు. ఆ తర్వాత ఆ ఊరు కోసిన కోత చూసి తీరాలి. సాయంత్రానికల్లా సగం చేలు కోసి, ఆకు కళ్ళాలకి చేర్చి, ఉన్న గోనెలన్నీ కప్పేసి, నడుములు పట్టుకుని కూలబడ్డారు. అప్పుడు ఆ మబ్బు ఒక్క చుక్కైనా రాల్చకుండా, ఆ నేల మీదికి వచ్చే మబ్బులన్నిటిలాగే, తీరిగ్గా ఎటో వెళ్ళిపోయింది.

దళారి ఒక కళ్ళంలో ఆకు అరచేతిలో నలిపి, తడి చేసి చూసి, "ఇదిగో, ఇదీ ఎడంచేతి ఆకంటే! చూడగానే తెలిసిపోతుంది," అన్నాడు. అది పూర్తిగా కుడిచేత్తో కోసిన కళ్ళం. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మామ గట్టు మీద గ్లౌజుల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాడు. అత్తది అందులో లేదు. పిన్ని వచ్చి పక్కన నిలబడింది.

"అన్నయ్యా, బొటనవేలు చిరిగింది కదూ? అది నాకొచ్చింది. ఆవిడదని తెలీదు, నా మీదొట్టు. కుట్టమని తాతకిచ్చా. మళ్ళీ ఇవ్వనన్నాడు, మొండి ఘటం. అక్కడే ఉంటుంది, వెళ్ళు." ఆగి, మళ్ళీ అంది. "రేపు మీ చేను కోద్దాం. ఎడమ సాల్లో నేనుంటా. నాది కుడి చెయ్యే, కొడవలి నీ చేతికి తగులుతుంది. కాబట్టి ఒక సాలు మధ్యలో వదిలేస్తా. ఫరవాలేదు, గట్టిగా మాట్లాడతాలే."

మామ ఏదో అనేలోపే ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తాత కొట్టులో దీపం అప్పుడే పెట్టాడు. మామ రాగానే ఏమీ అడక్కుండా ఒడిలోంచి గ్లౌజు తీసి చేతిలో పెట్టాడు. బొటనవేలు కుట్టి ఉంది. వేళ్ళ వంపు అలాగే ఉంది.

"ఈ కుట్టు నాది కాకపోతే గుర్తుపట్టేవాణ్ణి కాదు అల్లుడూ. మా అమ్మాయి బొటనవేలు కాస్త వంకర. దానికని వాలుగా కుట్టేవాణ్ణి. ఇది కోతకి పంపే గ్లౌజు కాదని దాచా."

మామ దాన్ని రెండు చేతులా పట్టుకుని పీట మీద కూర్చున్నాడు. చుట్టూ గోడల నిండా గ్లౌజులు వేలాడుతున్నాయి. ఏళ్ళుగా వస్తున్న కొట్టే. కానీ ఆ రోజే మొదటిసారి వాటిని తిన్నగా చూశాడు. బొటనవేళ్ళన్నీ ఒకే వైపున్నాయి.

"ఇవన్నీ... ఎడమవేనా?"

"మరి? ఊళ్ళో కుడిది ఎవడిక్కావాలి? అందరూ ఒంటిదే కొంటారు. నేనూ ఒంటివే కుడతా. జత కొనేది నువ్వొక్కడివేగా."

మామ తాత మొహంలోకి చూశాడు. "మరి అది పోయాక కూడా జత ఎందుకిచ్చావ్?"

"ప్రతి కోతకీ అడిగానయ్యా! 'అల్లుడూ, ఎప్పట్లా జతేనా?' అని. నువ్వేమన్నావు?"

మామ తలొంచుకున్నాడు.

"అదే, ఊఁ అన్నావు. మొదటిసారి పరధ్యానం అనుకున్నా. రెండోసారి, నీకలాగే కావాలేమోలే అనుకున్నా. తర్వాత అడగడం నాకూ అలవాటైపోయింది." తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అసలు సంగతి చెప్పనా? ఆ కుడిదొక్కటీ కుడుతుంటే అమ్మాయి ఇక్కడే, నువ్వు కూర్చున్న ఈ పీట మీదే కూర్చుని నా బుర్ర తినేస్తున్నట్టుండేది. ఏడాదంతా ఎడమచేతులు కుట్టి కుట్టి చచ్చిపోతుంటాను. కుడిది అని ఉండేది అదొక్కటే."

అత్త ఉంటే ఈపాటికి వంద మాటలు అయ్యేవి. బయట ఎవరో కోత అలుపుతో మూలుగుతూ పోతున్నారు. తాత సూదిలో దారం ఎక్కించడానికి ఒకటికి రెండుసార్లు తంటాలు పడి, చివరికి ఎక్కించాడు.

"సరే, ఇప్పుడు నీకన్నీ తెలుసు కాబట్టి సరిగ్గా అడుగుతున్నా. వచ్చే కోతకి కూడా ఎప్పట్లా జతేనా?"

మామ ఈసారి ప్రశ్న మొత్తం విన్నాడు. బాగా ఆలోచించాడు. ఆలోచించి, "ఊఁ," అన్నాడు.